ఓట్ల వేడిలో శ్రీలంక విదేశాంగం

1948లో స్వాతంత్ర్యం వచ్చీ రాగానే శ్రీలంక తెచ్చిన పౌరసత్వ చట్టం, తేయాకు తోటల్లో తరతరాలుగా కూలి చేస్తున్న భారత సంతతివారిలో అత్యధికులను ఏ దేశానికీ కాకుండా చేసింది. మరుసటి ఏడాది వాళ్ల ఓటూ పోయింది. ఇంటి రాజకీయం ఆ దేశ విదేశాంగ విధానాన్ని ఎలా మలిచిందో అప్పటి నుంచే చూడాలి.

1956లో సింహళమే అధికార భాష అన్న హామీతో ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే గెలిచారు. ఏడాది తిరిగేసరికి ట్రింకోమలీ, కటునాయకే స్థావరాలను బ్రిటన్ అప్పగించింది. మాస్కో, బీజింగ్‌లతో దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. వలస నీడ నుంచి బయటపడటం న్యాయమే. కానీ ఆ జాతీయతలో తమిళులకు చోటు లేకపోయింది.

దాని ఫలితమే 1964లో ఇరు దేశాల ప్రధానులు చేసుకున్న సిరిమావో–శాస్త్రి ఒప్పందం. ఏ దేశానికీ కాకుండా పోయిన 9,75,000 మందిని రెండు దేశాలూ పంచుకున్నాయి: భారత్‌కు 5,25,000, శ్రీలంకకు 3,00,000. మిగిలిన లక్షన్నర మందిని 1974లో చెరిసగం చేశారు. ఒప్పందానికి ముందు ఎక్కడ బతుకుతారని ఆ కూలీలను అడిగినవారు లేరు. భారత్‌కు వచ్చినవారిలో చాలామంది నీలగిరి తేయాకు తోటల్లో, కర్ణాటకలోని సుళ్య, పుత్తూరు రబ్బరు తోటల్లో మళ్లీ కూలికే కుదిరారు. శ్రీలంకలోనే ఉండిపోయి పౌరసత్వం దక్కనివారిలో చాలామంది 2003 చట్టం దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ ఒప్పందం దౌత్య విజయమని నేను ఒప్పుకోను.

1987లో తమిళుల సమస్యపై భారత్–శ్రీలంక ఒప్పందం కుదిరిన మర్నాడే, గౌరవ వందనం స్వీకరిస్తున్న రాజీవ్ గాంధీపై ఒక నావికుడు తుపాకి మడమతో దాడి చేశాడు. వీధుల్లో జనతా విముక్తి పెరమున (జేవీపీ) ఆందోళనలు చెలరేగాయి. ఆ ఒప్పందంతో వచ్చిన భారత సైన్యాన్ని పంపించేస్తానన్న ప్రేమదాస 1988లో అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 1990 మార్చికి సైన్యం వెనుదిరిగింది.

2020లో గొటబయ రాజపక్స ప్రభుత్వం అంతర్యుద్ధ కాలపు జవాబుదారీతనంపై ఐరాస మానవ హక్కుల మండలిలో తమ దేశమే బలపరిచిన తీర్మానం నుంచి తప్పుకుంది. మరుసటి ఏడాది ఓడరేవు కార్మిక సంఘాల ఒత్తిడికి లొంగి, కొలంబో తూర్పు టెర్మినల్‌పై భారత్, జపాన్‌లతో చేసుకున్న ఒప్పందాన్ని వదిలేసింది. 2022లో విదేశీ మారకం అడుగంటి, పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. అప్పుడు దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం అందించింది భారతే.

1987 నాటి ఒప్పందంపై ఆయుధం పట్టిన జేవీపీకి చెందిన అనుర కుమార దిసానాయకే 2024లో అధ్యక్షుడయ్యారు. ఆయన తొలి విదేశీ పర్యటన ఢిల్లీకే.