బడ్జెట్ పీసీ: గేమ్స్ ఆడాలి, వీడియోలూ ఎడిట్ చేయాలి.. డబ్బులు వృథా కాకుండా పీసీ అసెంబుల్ చేయించుకోవడం ఎలా?

పెళ్లి వీడియోలో, యూట్యూబ్ వీడియోలో ఎడిట్ చేసుకుంటూ నాలుగు డబ్బులు సంపాదించాలి. రాత్రి పూట కాసేపు వాలరెంట్, జీటీఏ లాంటి గేమ్స్ ఆడుకోవాలి. రెండింటికీ ఒకటే పీసీ. చేతిలో ఉన్నది చూస్తే 60, 70 వేలు. అందులోనూ సగం ఇంట్లో వాళ్లను బతిమాలి తెచ్చుకున్నవే. ఇలాంటి పరిస్థితిలో షాపుకి వెళ్లి 'మంచి గేమింగ్ పీసీ చూపించండి' అని అడిగితే, వాళ్ల దగ్గర అమ్ముడుపోని స్టాక్ మీ చేతికొచ్చే అవకాశమే ఎక్కువ. ఏ పార్టు ఎందుకు కొంటున్నామో తెలిస్తే ఇదే బడ్జెట్‌లో రెండు పనులూ చేసే పీసీ కచ్చితంగా వస్తుంది. ఎలాగో చూద్దాం.

'20 వేలకే ఐ7 గేమింగ్ పీసీ'.. నమ్మొచ్చా?

ముందు ఈ మాట చెప్పుకోవాలి. ఆన్‌లైన్‌లోనూ, కొన్ని షాపుల్లోనూ ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్, రంగురంగుల లైట్ల క్యాబినెట్ అంటూ 20 వేలకే ఆఫర్లు కనిపిస్తుంటాయి. వివరాల్లోకి వెళితే ఆ ఐ7 చాలాసార్లు 3వ తరానిదో, 4వ తరానిదో అయి ఉంటుంది. అంటే 2012, 2013 నాటి సరుకు. ఆఫీసుల్లో పక్కన పడేసిన సిస్టమ్‌ల నుంచి తీసినది. ఈరోజు కొత్తగా దొరికే ఐ3-12100ఎఫ్ దానికంటే చాలా ముందుంటుంది. ఐ7, ఐ5 అనే అంకె కాదు, దాని పక్కన ఉన్న తరం చూడాలి.

ఇంకో సమస్య కూడా ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సాధారణ సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11కేమో ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, టీపీఎమ్ 2.0 ఉండాలి. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలన్నా టీపీఎమ్, సెక్యూర్ బూట్ తప్పనిసరి. అంటే ఆ చవక పీసీ కొన్న రోజే పాతబడినట్టు లెక్క.

గ్రాఫిక్స్ కార్డుల్లోనూ ఇదే తంతు. 'ఆర్‌ఎక్స్ 580' అని అమ్మే కార్డుల్లో కొన్ని 2048ఎస్‌పీ అనే తక్కువ రకం. అసలు ఆర్‌ఎక్స్ 580లో 2304 కోర్లుంటే వీటిలో 2048 మాత్రమే. జీటీ 730 లాంటి కార్డుకి 4 జీబీ మెమరీ తగిలించి 'గేమింగ్ కార్డు' అంటారు. మెమరీ ఎంతున్నా అది గేమింగ్ కార్డు కాదు.

గేమ్‌కి కావాల్సింది వేరు, ఎడిటింగ్‌కి కావాల్సింది వేరు

గేమ్‌లో భారం ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. ఎడిటింగ్‌లో అలా కాదు. టైమ్‌లైన్ మీద క్లిప్ ముందుకీ వెనక్కీ జరిపినప్పుడు ఆగకుండా ప్లే కావాలంటే వీడియోని విప్పి చదివే పని, అంటే డీకోడింగ్, వేగంగా జరగాలి. ఎఫెక్ట్‌లు, కలర్ గ్రేడింగ్ గ్రాఫిక్స్ కార్డు చూసుకుంటుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అయితే ర్యామ్‌ని మింగేస్తుంది. అందుకే కేవలం గేమ్స్ కోసం రాసిన పార్టుల లిస్టు చూసి కొనేస్తే, గేమ్ బాగానే ఆడుతుంది గానీ 4కే క్లిప్ వేయగానే టైమ్‌లైన్ నత్తనడక నడుస్తుంది.

మానిటర్ కాకుండా మొత్తం బడ్జెట్‌లో గ్రాఫిక్స్ కార్డుకి 35 నుంచి 40 శాతం, ప్రాసెసర్, మదర్‌బోర్డులకు కలిపి 30 శాతం దాకా పెడితే ఇలాంటి పీసీకి సరిపోతుంది. మిగిలింది ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్‌లకు.

ప్రాసెసర్: ఆ 'ఎఫ్' అక్షరం గమనించారా?

ఈ బడ్జెట్‌లో ఎక్కువగా వినిపించే పేర్లు రెండు. ఏఎమ్‌డీ రైజెన్ 5 5600, ఇంటెల్ కోర్ ఐ5-12400. రెండింటిలోనూ 6 కోర్లు, 12 థ్రెడ్లు. గేమింగ్‌లో పెద్ద తేడా ఉండదు. రెండూ కాస్త పాత మోడళ్లే, కానీ ఈ పనికి ఢోకా లేదు. డబ్బాలోనే కూలర్ కూడా వస్తుంది.

షాపువాళ్లు మాత్రం మామూలుగా 12400ఎఫ్ ఇస్తారు. కాస్త చవక కాబట్టి. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. గేమింగ్‌కే అయితే ఏ ఇబ్బందీ లేదు. ఎడిటింగ్ కూడా చేసేవాళ్లు మాత్రం కొద్దిగా ఎక్కువైనా ఎఫ్ లేనిదే తీసుకోవడం మేలు. ఎందుకంటే అందులో ఉండే క్విక్ సింక్ అనే భాగం హెచ్.264, హెచ్‌ఈవీసీ వీడియోలను నేరుగా డీకోడ్ చేస్తుంది. ప్రీమియర్ ప్రో దీన్ని బాగా వాడుకుంటుంది. ముఖ్యంగా ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో పెళ్లిళ్లు షూట్ చేసేవాళ్లు 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీలో తీస్తుంటారు. ఆ ఫార్మాట్‌ని ఎన్‌విడియా కార్డులు ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ వచ్చేదాకా హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయలేకపోయాయి. క్విక్ సింక్ మాత్రం చేస్తుంది. వేలు పోసి గ్రాఫిక్స్ కార్డు కొన్నా క్లిప్ ఎందుకు ఆగిపోతోందో అర్థం కాక తలపట్టుకునేవాళ్ల సమస్య చాలాసార్లు ఇదే. గ్రాఫిక్స్ కార్డు పెట్టాక బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్‌ని ఆన్‌లో ఉంచడం మర్చిపోవద్దు.

ఎప్పుడైనా గ్రాఫిక్స్ కార్డు పాడైతే, అది వారంటీకి వెళ్లి వచ్చేదాకా ఎఫ్ లేని ప్రాసెసర్‌తో పీసీ నడుస్తుంది. చేతిలో డెలివరీ ఇవ్వాల్సిన పని ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఫోన్‌లో తీసిన వీడియోలో, మామూలు 8 బిట్ వీడియోలో ఎడిట్ చేసేవాళ్లకు రైజెన్ 5 5600 చక్కగా సరిపోతుంది. దాని బదులు రైజెన్ 5 5500 ఇస్తామంటే ఒకసారి ఆలోచించండి. పేరు దగ్గరగా ఉన్నా అందులో కాష్ తక్కువ, పీసీఐఈ కూడా పాత 3.0నే.

ర్యామ్: పాత ధరలు మర్చిపోండి

ఏడాది, రెండేళ్ల కిందటి యూట్యూబ్ వీడియోలు చూసి బడ్జెట్ వేసుకున్నవాళ్లకు షాక్ తగిలేది ఇక్కడే. ఏఐ డేటా సెంటర్ల నుంచి డిమాండ్ పెరగడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. క్రూషియల్ బ్రాండ్‌తో ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబర్‌లో మామూలు వినియోగదారుల మార్కెట్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. కాబట్టి ర్యామ్ రేటు ముందు కనుక్కొని, ఆ తర్వాతే మిగతా లిస్టు రాసుకోవాలి.

డీడీఆర్4 బోర్డుతో వెళ్లడానికి ఇదొక కారణం. ఇంట్లో పాత పీసీలో డీడీఆర్4 ర్యామ్ ఉంటే కొత్తదానిలో వాడుకోవచ్చు. ఏఎమ్5 సాకెట్‌కి వెళితే డీడీఆర్5 తప్ప మరో దారి లేదు. రేపు ప్రాసెసర్ మార్చుకోవడానికి ఏఎమ్5 మంచిదే, కానీ ఈరోజు జేబు కూడా చూసుకోవాలి కదా.

ఎడిటింగ్‌కి 16 జీబీ కనీసం. 4కే, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అంటే 32 ఉండాలి. ఒకే 16 జీబీ స్టిక్ కంటే 8 జీబీవి రెండు పెడితే డ్యూయల్ చానల్‌లో వేగం పెరుగుతుంది. 4 స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే 2వ, 4వ స్లాట్లలో పెట్టాలి. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేయకపోతే 3200 మెగాహెర్ట్జ్ అని కొన్న ర్యామ్ అంతకంటే తక్కువ స్పీడ్‌లోనే నడుస్తుంటుంది. చాలా పీసీల్లో ఏళ్ల తరబడి ఇది ఆఫ్‌లోనే ఉండిపోతుంది!

హెచ్610 బోర్డులు చవకే గానీ వాటిలో ర్యామ్ స్లాట్లు రెండే. తర్వాత పెంచుకునే ఆలోచన ఉంటే 4 స్లాట్లు, రెండు ఎమ్.2 స్లాట్లు ఉన్న బీ660 లేదా బీ760 బోర్డు చూసుకోండి.

గ్రాఫిక్స్ కార్డు: పేరు ఒకటే, సరుకు వేరు

కేవలం గేమ్స్‌కైతే రూపాయికి ఎక్కువ ఫ్రేమ్స్ ఇచ్చేది ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 6600. 8 జీబీ మెమరీతో 1080పీ గేమింగ్‌కి ధీమాగా ఉంటుంది. ఎడిటింగ్ కూడా ఉంది కాబట్టి మా ఓటు ఎన్‌విడియాకే. ప్రీమియర్, డావిన్చీ రిజాల్వ్, బ్లెండర్.. అన్నీ కుడాతో బాగా కలిసిపోతాయి. ఎక్స్‌పోర్ట్‌కి ఎన్‌వీఈఎన్‌సీ ఎన్‌కోడర్ ఉంటుంది.

ఆర్‌టీఎక్స్ 3060 కొంటే 12 జీబీదే అడగాలి. అదే పేరుతో 8 జీబీ రకం కూడా ఉంది, దాని మెమరీ బస్ 192 బిట్ కాదు, 128 బిట్ మాత్రమే. ఆర్‌టీఎక్స్ 3050లోనూ 8 జీబీ కంటే 6 జీబీ రకం బలహీనమైనది, కోర్లు కూడా తక్కువే. 4060 అయితే 8 జీబీనే అయినా కరెంటు 115 వాట్లే తీసుకుంటుంది, ఏవీ1 ఎన్‌కోడింగ్ చేస్తుంది. బడ్జెట్‌లో కొత్త 5050, 5060 దొరికితే పైన చెప్పిన 4:2:2 సమస్యకూ అక్కడే పరిష్కారం. అప్పుడు ఎఫ్ ప్రాసెసర్ తీసుకున్నా ఇబ్బంది ఉండదు.

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ జోలికి మాత్రం వెళ్లొద్దు. అందులో వీడియో ఎన్‌కోడరే లేదు.

ఎస్‌ఎంపీఎస్‌లో కక్కుర్తి పడితే..

క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చే '500 వాట్స్' ఎస్‌ఎంపీఎస్ మీద పాతిక వేల గ్రాఫిక్స్ కార్డు నడపడం అంటే చేజేతులా ప్రమాదం తెచ్చుకోవడమే. స్టిక్కర్ మీద ఉన్న వాట్లు అది నిజంగా ఇవ్వలేకపోవచ్చు. పోతూ పోతూ మదర్‌బోర్డునీ, కార్డునీ కూడా తీసుకుపోగలదు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ రేటింగ్ ఉన్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఈ పీసీకి చాలు.

మన దగ్గర కరెంటు సంగతి వేరే చెప్పక్కర్లేదు. రెండు గంటలు ఎక్స్‌పోర్ట్ అయ్యాక చివరి ఐదు నిమిషాల్లో కరెంటు పోతే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. మార్కెట్లో 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు ఇచ్చేది 360 వాట్లే. 3060 కార్డు ఒక్కటే పూర్తి లోడులో 170 వాట్ల దాకా తీసుకుంటుంది. ప్రాసెసర్, మిగతా పార్టులు, మానిటర్ కలిపితే 300 దాటుతుంది. అందుకే 1000 వీఏ తీసుకుంటే నిశ్చింత.

ఎండాకాలంలో విజయవాడ, రామగుండంలో గది వేడి ఎలా ఉంటుందో తెలిసిందే. ముందువైపు మొత్తం అద్దం ఉన్న క్యాబినెట్ చూడటానికి బాగుంటుంది, లోపల మాత్రం ఉడికిపోతుంది. ముందు జాలీ ఉన్నది తీసుకుని, ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగేలా, వెనక ఒకటి బయటికి తోసేలా పెట్టించండి.

స్టోరేజీకి 1 టీబీ ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ ఒకటి, పూర్తయిన ప్రాజెక్టులు దాచడానికి ఒక హార్డ్‌డిస్క్ ఉంటే సరి. క్లయింట్ వీడియోలు ఒక్కచోటే ఉంచకండి.

ఎక్కడ కొనాలి? బిల్లు మీద ఏముండాలి?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అని పిలిచేది, హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు ఇప్పటికీ కంప్యూటర్ పార్టుల అడ్డా. చెన్నైకి దగ్గరగా ఉన్నవాళ్లకు రిచీ స్ట్రీట్ ఉంది. మొదటి షాపులోనే కొనేయొద్దు. ఆన్‌లైన్ రేట్లు ఫోన్‌లో పెట్టుకుని కనీసం మూడు షాపుల్లో కొటేషన్ రాయించుకోండి. కొటేషన్‌లో '16 జీబీ ర్యామ్', 'బీ660 బోర్డు' అని రాస్తే సరిపోదు. కంపెనీ, పూర్తి మోడల్ పేరు ఉండాలి.

'బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం' అంటారు. ఒప్పుకోవద్దు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు ఉంటేనే వారంటీ దగ్గర వాదించే అవసరం రాదు. ప్రాసెసర్ డబ్బాతో ఉన్నదే తీసుకోండి. బాక్స్ ప్రాసెసర్లకు ఇంటెల్, ఏఎమ్‌డీ 3 ఏళ్ల వారంటీ ఇస్తాయి. విడిగా ఇచ్చే 'ట్రే' ప్రాసెసర్‌కి కంపెనీ నుంచి నేరుగా ఆ హామీ ఉండదు, అమ్మినవాడి మాటే వారంటీ. ఖాళీ డబ్బాలన్నీ ఇంటికి తెచ్చుకోండి.

అసెంబ్లీ మీ కళ్ల ముందే చేయించుకోవడం మంచిది. సొంతంగా చేసుకునేవాళ్లు కూలర్ కింద ఉన్న ప్లాస్టిక్ పొర తీశారో లేదో, బోర్డు పైమూల ప్రాసెసర్‌కి ఇచ్చే 8 పిన్ల కేబుల్ పెట్టారో లేదో చూసుకోండి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. కొత్త కార్డు కొన్నా గేమ్ స్లోగా ఉందని షాపుకి తిరిగొచ్చేవాళ్లలో కొందరు చేసే పొరపాటు ఇదే. డీడీఆర్5 పీసీ అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాల పాటు స్క్రీన్ నల్లగా ఉండొచ్చు, కంగారుపడి ఆఫ్ చేయకండి.

షాపు నుంచి బయల్దేరే ముందు సీపీయూ-జెడ్, జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు వేయించి ప్రాసెసర్, ర్యామ్, కార్డు వివరాలు బిల్లుతో సరిపోల్చుకోండి. ఇంటికెళ్లాక మొదటి వారంలోనే ఒక గంట గేమ్ ఆడి, ఒక పెద్ద వీడియో ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. మధ్యలో పీసీ రీస్టార్ట్ అయినా, స్క్రీన్ ఆగిపోయినా వెంటనే వీడియో తీసి, పీసీ, బిల్లు పట్టుకుని షాపుకి వెళ్లండి.