సుడిదోమ సంకేత ధ్వనులు

సుడిదోమ సంకేత ధ్వనులు అనగా వరి పైరును ఆశించే సుడిదోమలు (శాస్త్రీయ నామం: నీలపర్వత లూజెన్స్) జతకట్టుటకు ముందు ఒకదానినొకటి పిలుచుకొనే కంపనాలు. ఇవి గాలిలో మన చెవికి వినబడవు. వరి కాండం గుండా ప్రయాణిస్తాయి. వీటిని నమోదు చేసి కంప్యూటరు సాఫ్టువేరుతో కొలవడం ద్వారా, చూపుకు ఒకేలా ఉండే పురుగుల మధ్య భేదాలను గుర్తించవచ్చు.

కృష్ణా డెల్టాలో ప్రాముఖ్యత

విజయవాడ వద్ద 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజి నుండి కాలువల ద్వారా నీరు పొందే కృష్ణా డెల్టాలో వరి ప్రధాన పంట. సుడిదోమలు దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చడం వలన పైరు సుడులు సుడులుగా ఎండిపోతుంది. దీనిని రైతులు దోమపోటు అంటారు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) ఈ పురుగును తట్టుకోలేదు. మార్టేరు పరిశోధనా స్థానపు ఇంద్ర (ఎం.టి.యు. 1061), అమర (ఎం.టి.యు. 1064) వంగడాలు తట్టుకుంటాయి. అయితే ఇటువంటి వంగడాలకు సైతం పురుగులు కాలక్రమంలో అలవాటు పడగలవు. కనుక ఏ పురుగులు వేటితో జతకడతాయో తెలియడం అవసరం.

నమోదు

ఆడ, మగ పురుగులు రెండూ ఉదరాన్ని అదిలించి కంపనాలను పుట్టిస్తాయి. ఇవి కాండం ద్వారా చేరే సంకేతాలని 1974లో జపాను శాస్త్రవేత్తలు ఇచికావా, ఇషీ ప్రకటించారు. తొలినాళ్ళలో గ్రామఫోను ముల్లును కాండానికి తాకించి వీటిని నమోదు చేసేవారు. మొక్కను తాకకుండానే కంపనాన్ని కొలిచే లేజరు పరికరాలు తరువాత వచ్చాయి. అడుగుల అదురు, పంకా గాలి సైతం కాండాన్ని కదిలిస్తాయి కనుక మొక్కను అదురు తగలని బల్లపై ఉంచుతారు.

విశ్లేషణ

సాఫ్టువేరు కంపనాన్ని తరంగ రేఖగా చూపుతుంది. అందులో ఒక్కొక్క చిన్న తాకిడిని స్పందన అంటారు. రెండు స్పందనల నడుమ వ్యవధి 20 మిల్లీసెకన్లయితే సెకనుకు 50 స్పందనలు ఉన్నట్లు. ఈ వేగం ఆసియా, ఆస్ట్రేలియా సుడిదోమలలో వేర్వేరుగా ఉన్నదని 1980లలో కార్డిఫ్‌కు చెందిన మైఖేల్ క్లారిడ్జ్ బృందం కనుగొన్నది. ఫిలిప్పీన్సులో వరిపై బ్రతికే పురుగులకు, లీర్సియా గడ్డిపై బ్రతికే పురుగులకు కూడా ఇట్టి భేదమే కనబడింది.

కొలతలోని చిక్కు

ఎంత చిన్న కదలికను స్పందనగా లెక్కించాలో నిర్ణయించేది సాఫ్టువేరు అమరికే. పండ్లపై వాలే చిన్న ఈగ డ్రోసోఫిలా విషయంలో ఇదే వివాదమైంది. మగ ఈగ రెక్క ఆడించి సుమారు 35 మిల్లీసెకన్లకొక స్పందనను పుట్టిస్తుంది. ఈ వ్యవధి ఒక లయలో పెరిగి తగ్గుతుందని 1980లో కిరియాకూ, జెఫ్రీ హాల్ ప్రకటించారు. ఆ లయ విశ్లేషణ పద్ధతి వలన పుట్టిన భ్రమ అని 2014లో డేవిడ్ స్టెర్న్ వాదించగా, 2017లో కిరియాకూ బృందం దానిని ఖండించింది. అందుచేత ఫలితాలతోపాటు మూల ధ్వనిముద్రణను కూడా భద్రపరచడం తప్పనిసరి.

ఉపయోగాలు

ఇటలీలో ద్రాక్షను ఆశించే ఒక దోమ జాతి సంకేతాలను, పందిరి తీగలను కంపింపజేసి చెరపవచ్చునని 2012లో ప్రచురితమైన పరిశోధన చూపింది. వరిపొలంలో అటువంటి పందిరి తీగలు ఉండవు. డెల్టాలో సుడిదోమ నివారణకు తట్టుకొనే వంగడాలు వేయడం, ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయడం, నత్రజనిని మితంగా వాడడం, పొలాన్ని అప్పుడప్పుడు ఆరబెట్టడం ముఖ్య పద్ధతులు.