కెరంగు బట్ట: తూర్పు కనుమల గిరిజన నేత చరిత్ర

అడవి పొదల బెరడు నుంచి తీసిన నారతో గదబ, బొండ తెగల స్త్రీలు తమ కోసం తామే నేసుకునే చారల వస్త్రం కెరంగు బట్ట. అరకు లోయ నుంచి కొరాపుట్ పీఠభూమి మీదుగా మల్కనగిరి జిల్లాలోని బొండ కొండల వరకు విస్తరించిన గిరిజన ప్రాంతం దీనికి నెలవు. మధ్య భారతంలోని గిరిజన తెగల్లో చాలామంది బట్టలను ఇతర కులాల నేతగాళ్ల దగ్గర కొనుక్కునేవారే తప్ప స్వయంగా నేసేవారు కారు. చెట్టు బెరడు ఒలవడం మొదలు మగ్గం మీంచి బట్ట దించడం దాకా పనంతా ఇంటి ఆడవాళ్లే చేసుకున్న గదబ, బొండ తెగలకు అందుకే నేత చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది.

ప్రాంతం, ప్రజలు

గదబలంతా ఒకే భాష మాట్లాడరు. బోడో గదబలు మాట్లాడే గుతోబ్ ముండా కుటుంబానికి చెందింది. ఒల్లారి, కొనేకోర్ గదబలవి ద్రావిడ భాషలు. మైదానానికి దగ్గరగా, సాలూరు వైపు స్థిరపడిన వారిలో తెలుగు బాగా వ్యాపించింది. బొండల భాష రెమో. ఇదీ ముండా కుటుంబానిదే, గుతోబ్‌కు దగ్గరి చుట్టం. నార బట్ట నేసే అలవాటు ముండా భాషలు మాట్లాడే ఈ రెండు తెగల్లోనే బలంగా కనిపించడం గమనించదగ్గ విషయం. ఆంధ్రప్రదేశ్‌లో బోడో గదబ, గుతోబ్ గదబ, బొండ పొరజ వర్గాలను ప్రత్యేకంగా వెనుకబడిన ఆదిమ తెగలుగా గుర్తించారు.

ఈ కొండల్లో ఎక్కువ భాగం ఒకప్పుడు జయపురం సంస్థానం కింద ఉండేది. 1839 నాటి చట్టంతో విశాఖపట్నం జిల్లాలోని కొండ ప్రాంతాలు మామూలు పాలన నుంచి విడివడి ఏజెన్సీగా ఏర్పడ్డాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు జయపురం ప్రాంతం కొరాపుట్ జిల్లాగా అటు చేరింది. దాంతో ఒకే తెగ, ఒకే బట్ట కట్టే ఊళ్లు రెండు రాష్ట్రాల కిందికి వచ్చాయి. అరకు వైపు గదబ ఊళ్లు ఇప్పుడు 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి.

నార నుంచి బట్ట దాకా

అడవిలో కోసిన కొమ్మల బెరడు ఒలిచి, ఎండబెట్టి, నీళ్లలో నానవేస్తారు. నానిన బెరడును బాదితే మెత్తటి భాగం ఊడిపోయి నార పోగులు విడివడతాయి. వాటిని చిక్కు తీసి, పురిపెట్టి దారం చేస్తారు. ఇది నూలులా సాగదు, బిరుసుగా ఉంటుంది. అలాంటి దారాన్ని ఒకే మందాన పేనాలంటే ఎన్నో ఏళ్ల అలవాటున్న వేళ్లు కావాలి. కూతుళ్లు తల్లుల పక్కన కూర్చుని ఈ పని నేర్చుకునేవారు. నారకు జోడుగా సంతలో కొన్న రంగు నూలు కలిపేవారు. ఆ నూలు ఎక్కువగా డొంబుల ద్వారా వచ్చేది. ముతక బట్టలు నేయడం, ఊరూరా తిరిగి అమ్మడం వారి వృత్తి.

మగ్గానికి గుంట లేదు, చట్రం లేదు. కొన్ని కర్రలు, వెదురు బద్దలు ఉంటే చాలు. నేసే మనిషి నేల మీద కాళ్లు చాపుకొని కూర్చుని, తన ఒంటి బిగువుతోనే పడుగును లాగి పట్టేది. వెనక్కి వాలితే దారాలు బిగుస్తాయి, ముందుకు వంగితే వదులవుతాయి. మరో పని పడితే కర్రలతో సహా చుట్టి చూరు కింద పెట్టేయవచ్చు. పొలం పనికీ వంటకీ మధ్య దొరికిన తీరికలో నేత సాగడానికి ఇంతకంటే అనువైన పనిముట్టు ఉండదు.

గదబ స్త్రీల బట్టలో ఎరుపు, నీలం, తెలుపు చారలు ప్రధానం. ఒక ముక్క నడుముకు చుట్టి, మరొకటి భుజం మీదుగా వేసుకునేవారు. నడుము వెనుక నల్లటి తాళ్లు జతచేసి అల్లిన దళసరి పట్టీ కట్టి, దాని మీద బట్ట నిలిచేలా చూసుకోవడం వారి ప్రత్యేక అలంకారం. చెవులకు భుజాల దాకా వేలాడే ఇత్తడి తీగ చుట్లు, మెడకు కంటె ఉండేవి. బొండల రింగా ఇంతకంటే చిన్నది. నడుముకు ఒక్క చుట్టు మాత్రమే వచ్చే ఇరుకైన చారల పట్టీ అది. పై భాగాన్ని పూసల దండలు, తలను పూసలు, ఆకు పట్టీలు అలంకరిస్తాయి.

పుట్టుక కథలు

ఈ బట్ట ఎలా వచ్చిందో చెప్పే కథలు తెగకొకటి ఉన్నాయి. గదబల కథలో ఒక దేవత మారువేషంలో ఊరికి వచ్చి, కాసేపు మంచం మీద కూర్చుంటానని ఒక స్త్రీని అడిగింది. బిచ్చగత్తెలకు నేలే చోటని ఆమె కసిరింది. ఆ మర్యాద తప్పినందుకు గదబ స్త్రీలంతా ఇకపై నార బట్టే కట్టాలని దేవత శాసించిందట. బొండల కథ బొండ కొండల్లోని ముదులిపడ దగ్గర జరుగుతుంది. వనవాసంలో సీత స్నానం చేస్తుంటే బొండ స్త్రీలు నవ్వారు. సీత కోపించి, తలలు గొరిగించుకుని బట్ట లేకుండా తిరగమని శపించింది. వారు బతిమాలగా కరిగిపోయి తన చీర నుంచి ఒక పీలిక చింపి ఇచ్చింది. రింగా ఆ పీలిక కొలతే అంటారు. రెండు కథల్లోనూ బట్ట శిక్షగానే వస్తుంది. అయినా దాన్ని నేసిన చేతులు చారలు దిద్ది, రంగులు పొదిగి, పండుగకు కట్టుకునే అందమైన వస్త్రంగా మలిచాయి.

గ్రంథస్థమైన కాలం

పందొమ్మిదో శతాబ్దానికి ముందు తీర ప్రాంతపు నేతకు విస్తారమైన చరిత్ర ఉంది. మచిలీపట్నం అద్దకాలు సముద్రాలు దాటాయి. నర్సాపురం పక్కనున్న మాధవాయపాలెం పేరు మడపోలం అనే తెల్ల నూలు బట్ట పేరుగా ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో స్థిరపడింది. కొండ మీది నేత ఆ కాలంలో రాతకెక్కలేదు.

విశాఖపట్నం జిల్లా మాన్యువల్‌ను కార్మైకేల్ 1869లో వెలువరించాడు. 1873లో ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో జె. ఎ. మే జయపురం బొండల మీద వ్యాసం ప్రకటించాడు. 1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజెటీరు గదబ స్త్రీల వేషాన్ని వర్ణించి, దేవత కథను నమోదు చేసింది. అంతకంటే విస్తృతంగా పేరొందింది ఎడ్గర్ థర్‌స్టన్ రచన. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా పనిచేసిన థర్‌స్టన్, కె. రంగాచారి సహాయంతో 1909లో ఏడు సంపుటాలుగా దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథాన్ని వెలువరించాడు. గదబల మీది అధ్యాయంలో నార బట్ట, నడుము పట్టీ, చెవి చుట్లు అన్నీ చోటుచేసుకున్నాయి. ఈ పాలనాధికారుల రాతల్లో వేషం మీద ఉన్న కుతూహలం నేసే పని మీద లేదు. అయినప్పటికీ తరవాతి పరిశోధకులందరికీ అవే ఆధారం.

1940వ దశకం ఈ నేత చరిత్రలో అత్యంత ఫలవంతమైనది. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ గదబ, బొండ ఊళ్లలో తిరిగి వారి రాతి నిర్మాణాల సంప్రదాయాన్ని పరిశీలించాడు. తెలంగాణ గోండులతో సుదీర్ఘ అనుబంధం వల్ల తెలుగు పాఠకులకూ ఆయన పరిచితుడే. వెరియర్ ఎల్విన్ బొండ కొండల్లో గడిపి, 1950లో ‘బోండో హైలాండర్’ ప్రకటించాడు. రింగాను వింతగా కాక, ఒక సమాజం తన చేతులతో తయారుచేసుకున్న వస్తువుగా చూసిన గ్రంథం ఇది. అందుకే డెబ్బై ఏళ్లు దాటినా దీని విలువ తగ్గలేదు.

నిఘంటువులు

నారకు, దారానికి, మగ్గానికి ఈ భాషల్లో ఉన్న పేర్లు కొంతవరకు భద్రపడింది భాషాశాస్త్రవేత్తల వల్లే. ఈ బాట వేసినవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉంటూ మరో కొండ భాష అయిన సవరను నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించాడు. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన మనిషే కొండ భాషకూ అంత గౌరవం ఇవ్వడం తెలుగువారు గర్వించదగ్గ విషయం. సుధీభూషణ్ భట్టాచార్య 1957లో ఒల్లారి భాషా వివరణను, 1968లో బొండ నిఘంటువును ప్రకటించాడు. పి. భాస్కరరావు కొనేకోర్ గదబ మీద 1980లో గ్రంథం తెచ్చాడు. చివరి మూడింటిలో రెండు పుణెలోని దక్కన్ కళాశాల ప్రచురణలే.

మార్పు

నార బట్ట వాడకం తగ్గడానికి కారణాలు అనేకం. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ పథకం 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. దాని జలాపుట్ జలాశయం కింద గదబ ఊళ్లు మునిగాయి. ఊరితో పాటు నార ఇచ్చే పొదలున్న అడవీ పోయింది. 1960వ దశకంలో బైలాడిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండోల్ రైలు మార్గం అరకు మీదుగా సాగింది. రైలు, రోడ్లతో మిల్లు చీర సంతకు చేరింది. నార తీసి నేసిన బట్ట కంటే అది చవక, మెత్తన. ఆ బేరంలో ఏది నెగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. బడి, ఆసుపత్రి, ఆఫీసుల్లో నార బట్టను చూసి నవ్వేవాళ్లు ఉండటం మరో కారణం. నవ్వినందుకు శపించిన సీత కథ ఉన్న చోటే ఇలా జరగడం బాధాకరం.

ఇప్పుడు అరకులో గదబ స్త్రీలు కట్టేది నూలు, కృత్రిమ నూలు చీరలే. ధింసా నాట్యంలో మోకాలి కింది దాకా బిగించి కట్టే చీర అందరికీ తెలిసిందే, కానీ అది మిల్లు బట్టే. కొరాపుట్ వైపు పెద్దవయసు వారు, పండుగ వేళల్లో మరికొందరు చారల బట్ట కడతారు. భువనేశ్వర్‌లోని గిరిజన మ్యూజియంలో ఈ వేషాలు ప్రదర్శనలో ఉన్నాయి. బొండ కొండల్లో రింగా ఇంకా వాడుకలో ఉంది.

పొరుగు నేతలు

కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్లు తొగరు చెట్టు వేరు బెరడుతో నూలుకు రంగు అద్దుతారు. ఈ చెట్టును అక్కడ ఆలు అంటారు. ముందు నూలును ఆముదం, కట్టె బూడిద, పేడ కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిండి, ఎండబెడతారు. అలా చేస్తేనే దారం రంగు పట్టుకుంటుంది. తరవాత వేరు పొడితో కాచితే ముదురు ఎరుపు వస్తుంది. అన్నభేది కలిపితే నలుపు దిశగా తిరిగిన గోధుమ రంగు. రంగు వేయని నూలు మీగడ తెలుపుతో ఉండి ఎరుపును ఎత్తిచూపుతుంది. పీత, చేప, శంఖం, గొడ్డలి, గొడుగు అంచుల్లో నేస్తారు. కొనుగోలుదారుల్లో చుట్టుపక్కల గిరిజనులే మొదటివారు. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన కోట్‌పాడ్ నేత, ఒడిశా చేనేతల్లో ఆ గౌరవం అందుకున్న మొదటిది.

కొండ దిగువన, శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండ పత్తి వంటి దేశవాళీ పత్తి రకాలతో సన్న ఖాదీ నేస్తారు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి ఏకులు చేసి, నూరు కౌంటు దాకా వడికే నైపుణ్యం వీరిది. గాంధీజీ మెచ్చిన బట్ట ఇది. ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఇక్కడ 1949 నుంచి పనిచేస్తోంది.

నియమగిరి మీద డోంగ్రియా కోందులు నేయరు, కుడతారు. కొన్న ముతక తెల్ల బట్ట మీద ఆడపిల్లలు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కొండలను తలపించే త్రికోణాలు కుట్టే శాలువ పేరు కపడగండా. ఇష్టపడిన వారికీ, అన్నదమ్ములకూ దీన్ని కానుకగా ఇస్తారు. 2024 జనవరిలో దీనికీ భౌగోళిక గుర్తింపు లభించింది.