డె లా సాల్ హైస్కూల్ ఫుట్‌బాల్ జట్టు

డె లా సాల్ హైస్కూల్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా రాష్ట్రములో, కాంకర్డ్ పట్టణమునందు గల కాథలిక్ పాఠశాల. ఇది 1965లో బాలుర పాఠశాలగా స్థాపించబడినది. ఈ పాఠశాల జట్టు వరుసగా 151 ఆటలు గెలిచి ప్రసిద్ధి చెందినది. ఇక్కడ ఫుట్‌బాల్ అనగా కోలబంతిని చేతబట్టి పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్.

శిక్షణ

1979లో బాబ్ లాడసూర్ శిక్షకుడిగా రాకముందు ఏ సీజన్‌లోను ఈ జట్టుకు ఓటములకంటే గెలుపులు ఎక్కువగా లేవు. ఆయన పాఠశాలలో మతవిద్యను కూడా బోధించేవారు. ప్రతి వారము ఒక్కొక్క ఆటగాడు సాధనలోను, ఆటలోను తాను చేయదలచినదానిని కార్డుపై వ్రాసి, అందరి ఎదుట చదివి, ఒక సహచరునికి ఇచ్చేవాడు. ఆ మాటకు అతనికే జవాబుదారీగా ఉండేవాడు. గెలుపు ఇటువంటి పరస్పర బాధ్యతకు ఫలితమే గాని లక్ష్యము కాదని లాడసూర్ అభిప్రాయము.

విజయ పరంపర

1992 నుండి 2003 వరకు 12 సీజన్లలో జట్టు ఓటమి ఎరుగలేదు. మిషిగన్ రాష్ట్రపు హడ్సన్ హైస్కూల్ పేరిట ఉన్న 72 వరుస విజయాల జాతీయ రికార్డును 1997లో అధిగమించినది. 2004 సెప్టెంబర్ 4న సియాటిల్‌లో బెల్వ్యూ హైస్కూల్ చేతిలో 20-39 స్కోరుతో ఓడిపోవుటతో ఈ పరంపర ముగిసినది. అయినను లాడసూర్ మరి 8 సీజన్లు శిక్షకుడిగా కొనసాగారు. 2013 జనవరిలో విరమించేనాటికి ఆయన జట్టు 399 ఆటలు గెలిచి, 25 ఓడి, 3 సమం చేసినది.