రాజులు పోయాక దారాసింగ్

సంస్థానాలు ఉన్నంతకాలం వస్తాదుకు కూడు పెట్టింది రాజులే. తెల్లారకముందే లేచి వందలకొద్దీ దండీలు, బస్కీలు తీయాలన్నా, ఆ ఒంటికి సరిపడా పాలు, నెయ్యి, బాదంపప్పు పడాలన్నా వెనక ఓ కొలువు ఉండాల్సిందే. గామా పహిల్వాన్‌ను చిన్ననాడు దతియా రాజు చేరదీశారు. పెద్దయ్యాక పటియాలా మహారాజు అండ దొరికింది. 1928లో పోలండ్ మల్లుడు జ్బిస్కోను గామా నిమిషంలోపే చిత్తు చేసింది కూడా పటియాలాలోనే, ఆ మహారాజు పెట్టించిన పోటీలోనే. దేశవిభజన తర్వాత లాహోర్‌లో స్థిరపడిన గామా చివరి రోజుల్లో ఇబ్బందులు పడి 1960లో కన్నుమూశారు. అంతటివాడికే ఆ గతి పడితే మామూలు వస్తాదుల సంగతి చెప్పేదేముంది?

దేశం విడిపోయిన ఆ 1947లోనే అమృత్‌సర్ జిల్లా ధర్మూచక్ అనే ఊళ్లోని ఓ రైతు కుటుంబం నుంచి పద్దెనిమిదేళ్ల కుర్రాడు సింగపూర్ ఓడెక్కాడు. 1928 నవంబర్ 19న పుట్టిన దారాసింగ్ ఆయనే. బతుకుతెరువు కోసం అక్కడ డ్రమ్ములు తయారుచేసే మిల్లులో పనికి కుదిరారు. హర్నామ్ సింగ్ అనే గురువు దగ్గర కుస్తీ నేర్చుకున్నారు. నేర్చుకున్న చోటు గ్రేట్ వరల్డ్ స్టేడియం. నూనె, పసుపు కలిపి మెత్తగా తవ్విన గోదా మట్టి అక్కడ లేదు. గ్రేట్ వరల్డ్ అంటే జనం సరదాగా సాయంత్రాలు గడిపే వినోదాల పార్కు. పోటీ చూడాలంటే టికెట్ కొనాలి, మల్లుడికి కూలి ఆ డబ్బులోంచే రావాలి. ఇకమీదట వస్తాదును పోషించబోయేది జనమేనని దారాసింగ్‌కు తెలిసొచ్చింది ఇక్కడేనని నాకనిపిస్తుంది.

మలయాలో తర్లోక్ సింగ్‌ను ఓడించి పేరు తెచ్చుకున్నాక, 1950ల మొదట్లో స్వదేశానికి తిరిగొచ్చారు. 1954లో టైగర్ జోగిందర్ సింగ్‌ను ఓడించి రుస్తుం-ఎ-హింద్, అంటే దేశ కుస్తీ చాంపియన్, అయ్యారు. అప్పటినుంచి బొంబాయి, కలకత్తా, ఢిల్లీ గోడల మీద ఫ్రీస్టయిల్ కుస్తీ పోస్టర్లు వెలిశాయి. ఆ పోస్టర్ల మీద దారాసింగ్‌కు ఎదురుగా ఎక్కువగా కనిపించిన పేరు కింగ్ కాంగ్. అసలు పేరు ఎమిల్ చాయా, పుట్టింది హంగరీలో. గుబురుగడ్డంతో, కొండలాంటి ఒంటితో అతను రింగులోకి వస్తుంటే జనం ఈలలు వేసేవారు, తిట్టేవారు. దారాసింగ్ ఆ కొండను ఎత్తి తాళ్ల అవతలకు విసిరేశారన్న మాట ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు.

ఈ పోటీలు నిజమా, ముందే మాట్లాడుకున్నవా అన్న అనుమానం ఆ రోజుల్లోనే ఉంది. మట్టి గోదాలో వీపు నేలకు తగిలితే ఆట ముగిసినట్టే. రింగులో అలా కాదు, ప్రదర్శన కూడా ఆటలో భాగమే. నిన్నటి ప్రత్యర్థులు నేడు జట్టు కట్టేవారు. 1955లో జపాన్‌లో కింగ్ కాంగ్, టైగర్ జోగిందర్ సింగ్ కలిసి ఆసియా ట్యాగ్ టీమ్ టైటిల్ గెలిచారు. ఇదంతా ఒకే బృందం ఊరూరా తిరిగి చేసిన వృత్తి. అలాగని దారాసింగ్ పట్టు ఉత్తదని కాదు. ఆయన 1959లో కలకత్తాలో కెనడా మల్లుడు జార్జ్ గోర్డియెంకోను ఓడించి కామన్‌వెల్త్ చాంపియన్ అనిపించుకున్నారు. 1968 మే 29న బొంబాయిలో అమెరికన్ లూ థెజ్‌ను ఓడించినప్పుడు ప్రపంచ చాంపియన్ అన్నారు. అప్పటికి థెజ్‌కు యాభై రెండేళ్లు, అమెరికాలో తన ప్రధాన టైటిల్ పోగొట్టుకుని రెండేళ్లు దాటింది. కాబట్టి ఆ కిరీటాన్ని అంతా ఒప్పుకోలేదు. కానీ దారాసింగ్ అసలు సిసలు మల్లుడని థెజ్ తర్వాత స్వయంగా ఒప్పుకున్నారు. కిరీటం కన్నా ఆ మాటకే నేను ఎక్కువ విలువిస్తాను.

అదే కాలంలో మరో మల్లుడున్నారు. మహారాష్ట్రలోని గోలేశ్వర్‌కు చెందిన ఖాశాబా జాదవ్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళ్లడానికి చందాలు పోగుచేసుకుని, కాంస్యంతో తిరిగొచ్చారు. స్వతంత్ర భారతానికి అది తొలి వ్యక్తిగత పతకం. ఆ తర్వాత పోలీసు ఉద్యోగంతో బతుకీడ్చారు. అర్జున అవార్డు ఇచ్చింది 2001లో, ఆయన పోయిన చాలా ఏళ్లకు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే దారాసింగ్ ఎంచుకున్న దారి అర్థమవుతుంది. పతకం తెచ్చినవాడిని సర్కారు మరిచిపోయింది, టికెట్ కొన్నవాళ్లు మాత్రం దారాసింగ్‌ను మరవలేదు.

ఆ జనమే ఆయన్ను సినిమాకూ తీసుకెళ్లారు. ‘కింగ్ కాంగ్’ (1962), ‘ఫౌలాద్’ (1963), ‘సామ్సన్’ (1964)... మన విఠలాచార్య జానపదాల్లాగే తక్కువ ఖర్చు, ఎక్కువ కత్తులు. పంజాబీ యాస వినపడకుండా తొలి చిత్రాల్లో ఆయనకు వేరేవాళ్లు గొంతు అరువిచ్చారు. పేరున్న హీరోయిన్లు పక్కన నటించడానికి వెనకాడితే, చిన్న వేషాలు వేసుకుంటున్న ముంతాజ్ ముందుకొచ్చారు. ఇద్దరూ 16 చిత్రాల దాకా చేశారు. తర్వాత ఆమె ఏ స్థాయికి ఎదిగారో తెలిసిందే.

తెలుగు ఇళ్లకు దారాసింగ్ దగ్గరైంది 1987లో, ఆదివారం పొద్దున. దూరదర్శన్ ‘రామాయణ్’ హిందీలో వచ్చినా కథ తెలిసిందే కాబట్టి టీవీ ఉన్న ఇంట్లో వీధంతా చేరేది. హనుమంతుడు కనబడగానే చేతులు జోడించిన పెద్దవాళ్లు ఎందరో. 1976లో ‘బజరంగ్‌బలీ’లోనూ ఆ వేషం ఆయనే వేశారు. దాదాపు అరవై ఏళ్ల వయసులో మళ్లీ గద పట్టినా ఆ భుజాలు నిజమైనవే. కుస్తీ సాధన చేసే తాలింఖానాలో వస్తాదులు మొక్కేది గోడ మీది ఆంజనేయుడికే. ఆ వేషానికి అంతకన్నా తగిన మనిషి ఎక్కడ దొరుకుతాడు!

1983లో ఢిల్లీలో జరిగిన టోర్నమెంటుతో ఆయన రింగుకు సెలవు చెప్పారు. 2003 నుంచి 2009 దాకా రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడు. 2012 జూలై 12న ముంబైలో కన్నుమూశారు. 2018లో అమెరికాలోని కుస్తీ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చింది. కానీ ఆయన నడిపించిన ఆ ఊరూరి ఫ్రీస్టయిల్ కుస్తీకి ఇక్కడ వారసులు లేరు. డబ్ల్యూడబ్ల్యూఈ రింగులోనే 2007లో ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయిన మన దేశపు మల్లుడు ద గ్రేట్ ఖలీ కూడా పేరు తెచ్చుకున్నది అమెరికా వెళ్లాకే. మట్టి నుంచి వచ్చిన మిగతా కుర్రాళ్లు మ్యాట్ ఎక్కి, రైల్వేలోనో పోలీసుశాఖలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం చూసుకుంటున్నారు.