పిలవని పేరంటం: గూగుల్ బజ్ చరిత్ర

పిలవని పేరంటానికి వెళ్ళకూడదని మన పెద్దలు చెప్పారు. మనం ఎవరినీ పిలవకుండానే మన ఇంట్లో పేరంటం మొదలైతే ఏం చెయ్యాలో మాత్రం చెప్పినట్టు లేదు. 2010 ఫిబ్రవరి 9న గూగుల్ సంస్థ జీమెయిల్ లోపల "బజ్" అనే సౌకర్యాన్ని ప్రారంభించినప్పుడు సరిగ్గా అటువంటి పరిస్థితే ఏర్పడింది. 2011 డిసెంబరు 15న అది మూతపడింది. రెండేళ్ళు కూడా నిండని ఒక సౌకర్యానికి చరిత్ర ఎందుకని మీకు సందేహం రావచ్చు. సాంఘిక జాలాలన్నిటిలోనూ ఏదో ఒక రూపంలో ఉన్న పేచీ ఒకటి బజ్ విషయంలో దాపరికం లేకుండా బయటపడింది. "వాడడానికి సులువు" అన్నప్పుడు ఆ సులువు ఎవరికి అన్నదే ఆ పేచీ.

ఇది అర్థం కావడానికి కాస్త వెనక్కి వెళ్ళాలి. 2004లో ఆర్కుట్, ఫేస్‌బుక్ మొదలైననాటి పద్ధతిలో ఒకరు స్నేహం కోరాలి, అవతలివారు అంగీకరించాలి. ఆ రెండు మెట్లూ ఎక్కితేగాని ఇద్దరి మధ్య లంకె పడదు. ఇందులో మర్యాద ఉంది, దానితోపాటు ఒక ఇబ్బందీ ఉంది. కొత్తగా చేరినవారికి మొదటిరోజు కనిపించేది ఖాళీ ఇల్లు. పలకరించే దిక్కుండదు. ఒక్కొక్కరినీ వెతికి, అడిగి, వారు ఒప్పుకునేదాకా ఎదురుచూసే ఓపిక అందరికీ ఉండదు. గుమ్మం దగ్గరనుంచే వెనుదిరిగిపోయేవారు కొందరు తప్పక ఉంటారు. ఈ ఖాళీ ఇంటి భయమే తరువాతి పరిణామాలకు మూలమని నా అభిప్రాయం.

2006 సెప్టెంబరు 5న ఫేస్‌బుక్ "న్యూస్ ఫీడ్" తెచ్చింది. అంతకుముందు మిత్రుడి సంగతి తెలియాలంటే అతని పుటకు స్వయంగా వెళ్ళి చూడాలి. ఇప్పుడు ఎవరు ఎవరితో స్నేహం చేశారో, ఎవరి ప్రేమ చెడిపోయిందో, మొత్తం ఒకే పుటలో దండోరా వేసినట్టు కనిపించసాగింది. నిజానికి అందులో కొత్తగా బయటపెట్టిన రహస్యం ఏదీ లేదు. వెళ్ళి చూసేవారికి అంతకుముందూ కనిపించేదే. అయినా వాడుకరులు భగ్గుమన్నారు. నిరసన బృందంలో కొద్ది రోజులలోనే దాదాపు 7 లక్షలమంది చేరారు. సెప్టెంబరు 8న మార్క్ జుకర్‌బర్గ్ బహిరంగంగా తప్పు ఒప్పుకుని, ఏది కనిపించాలో ఏది కనిపించకూడదో నిర్ణయించుకునే అమరికలు ఇచ్చాడు. ఫీడును మాత్రం తీసెయ్యలేదు. ఆ నిరసన అంత వేగంగా పాకడానికి ఆ ఫీడే తోడ్పడిందన్నది ఈ కథలోని చమత్కారం. ఇంట్లో బీరువా తలుపు తీసి ఉండడమూ, అందులోని సామాను వీధి అరుగుమీద పేర్చి పెట్టడమూ ఒకటి కావని ఆ లక్షలమంది చెప్పదలచుకున్నారు.

మరుసటి ఏడాది, 2007 నవంబరులో, అదే సంస్థ "బీకన్" తెచ్చింది. వేరే దుకాణపు సైటులో మనం ఏదైనా కొంటే ఆ వార్త మిత్రులకు చేరిపోతుంది. అలా చెయ్యవచ్చునా అని తెరమూలన ఒక చిన్న గవాక్షం అడిగేది. దానిని గమనించకపోతే కాసేపటికి అదే మాయమయ్యేది. మౌనం అర్ధాంగీకారమని మనవాళ్ళు అంటారు. బీకన్ దానిని పూర్ణాంగీకారంగా లెక్కకట్టింది. పండుగకని రహస్యంగా కొన్న కానుకలు ఇచ్చే రోజుకు ముందే బట్టబయలయ్యాయి. నెల తిరగకుండానే పద్ధతి మార్చి, డిసెంబరు 5న జుకర్‌బర్గ్ మరొకసారి క్షమాపణ చెప్పుకోవలసివచ్చింది. 2009లో దావా రాజీలో భాగంగా బీకన్‌ను మూసివేశారు.

ఇంత జరిగాక వచ్చింది బజ్. ఖాళీ ఇంటి సమస్యకు గూగుల్ కనిపెట్టిన పరిష్కారం పైకి చాలా తెలివైనది. వాడుకరి ఎవరినీ వెతకనక్కరలేదు. జీమెయిల్‌లో ఎవరితో ఎక్కువగా ఉత్తరాలు నడుపుతున్నాడో, ఎవరితో ఎక్కువగా చాట్ చేస్తున్నాడో యంత్రానికి తెలుసు కదా, వారినే అనుచరులుగా కట్టబెడితే సరి. తలుపు తెరిచేసరికి ఇల్లంతా బంధుమిత్రులతో కళకళలాడుతూ ఉంటుంది. రెండు రోజులలోనే 90 లక్షలకు పైగా టపాలూ వ్యాఖ్యలూ వచ్చాయని గూగుల్ ప్రకటించుకుంది.

అయితే ఉత్తరాల పెట్టె స్నేహితుల జాబితా కాదు. ఎక్కువ ఉత్తరాలు ఎవరికి రాస్తాం? ఇంటి యజమానికి, వకీలుకు, పై అధికారికి, అప్పు తీర్చని పెద్దమనిషికి. 2010 నాటికి తన తల్లికి ఈ-ఉత్తరం రాసిన తెలుగువారు ఎందరు? అమ్మతో మాటలన్నీ ఫోనులోనే. కాబట్టి ఉత్తరాలు లెక్కపెట్టి ఆప్తులను తేల్చే యంత్రానికి అమ్మ కనిపించదు, వకీలు కనిపిస్తాడు. మన భాషలో మీరు, నువ్వు అనే రెండు మాటలతోనే ఎంత తేడా పాటిస్తామో చూడండి. అత్తయ్యతో మాట్లాడే తీరు వేరు, ఆఫీసులో తీరు వేరు. వీరందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి విస్తళ్ళు వెయ్యడమే బజ్ చేసినది. పైగా ఎవరెవరు ఆ బంతిలో ఉన్నారో చెప్పే జాబితా, మనం మార్చుకోకపోతే, ప్రొఫైలు పుటలో లోకమంతటికీ కనిపించేది. దానిని దాచే అమరిక ఉన్నమాట నిజమే. అది ఎక్కడ ఉందో కనిపెట్టడమే కష్టమని నాటి ఫిర్యాదుల సారాంశం.

ఇందులో హాస్యానికి తావులేని సంగతులు ఉన్నాయి. తనను హింసించిన మాజీ భర్త తన అనుచరుల జాబితాలో చేరాడని అమెరికాలో అజ్ఞాతంగా రాసే ఒక స్త్రీ ఆగ్రహంతో రాసింది. వైద్యుల ఉత్తరాలలో రోగుల పేర్లుంటాయి, వకీళ్ళ ఉత్తరాలలో కక్షిదారుల పేర్లుంటాయి, పాత్రికేయుల ఉత్తరాలలో సమాచారం అందించే వారి పేర్లుంటాయి. ఇటువంటివారికి జాబితా బయటపడడం అంటే వృత్తిధర్మం తప్పడమే.

ఇంత మామూలు విషయం అంతమంది ఇంజనీర్లకు ఎలా తట్టలేదు? బజ్‌ను ముందుగా పరీక్షించినది గూగుల్ ఉద్యోగులే. బయటి పరీక్షకుల చేతికి ఇవ్వలేదు. ఆఫీసులో ఉత్తరాలు రాసుకునేది సాటి ఉద్యోగులతోనే కనుక వారిలో వారికి ఆ కట్టబెట్టడం సహజంగానే కనిపించి ఉంటుందని నా ఊహ. వంట రుచి వండినవారే చూసుకుంటే ఉప్పు ఎప్పుడూ సరిపోతుంది.

నాలుగు రోజులలోనే గూగుల్ దిద్దుబాటు మొదలుపెట్టింది. ఫిబ్రవరి 13న కట్టబెట్టడం మాని, సూచించడంతో సరిపెడతామని ప్రకటించింది. అప్పటికే ఆలస్యమయింది. అదే నెలలో ఎపిక్ అనే హక్కుల సంస్థ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఏప్రిల్‌లో కెనడా, ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్ మొదలైన 10 దేశాల గోప్యతాధికారులు కలిసి గూగుల్‌కు లేఖ రాశారు. వాడుకరులు వేసిన దావా 85 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది.

కమిషన్ ఆరోపణలలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది రెండు మీటల వృత్తాంతం. జీమెయిల్ తెరవగానే బజ్ చూస్తారా, లేక నేరుగా ఉత్తరాల పెట్టెకు పోతారా అని రెండు మీటలు కనిపించేవి. వద్దని రెండవది నొక్కినవారిని కూడా బజ్‌లోని కొన్ని అంశాలలో చేర్చేశారని కమిషన్ ఆరోపించింది. పూర్తిగా మానుకునే మీట నొక్కినా బజ్ నుంచి పూర్తిగా బయటపడలేదని కూడా చెప్పింది. అంటే ప్రశ్న ఉంది, రెండు జవాబులూ ఉన్నాయి, జవాబుకు విలువ మాత్రం లేదు. 2011 మార్చి 30న ప్రకటించిన ఒప్పందం ప్రకారం 20 ఏళ్ళపాటు గూగుల్ తన గోప్యతా పద్ధతులను రెండేళ్ళకొకసారి స్వతంత్ర తనిఖీకి పెట్టాలి. అది కాగితానికే పరిమితం కాలేదు. సఫారీ విహరిణి వాడేవారి విషయంలో ఆ ఒప్పందాన్ని అతిక్రమించిందన్న అభియోగం మీద 2012లో గూగుల్ 2 కోట్ల 25 లక్షల డాలర్లు చెల్లించింది.

బజ్ పాఠం గూగుల్ నేర్చుకోలేదని అనలేము. 2011 జూన్ 28న వచ్చిన గూగుల్ ప్లస్‌లో "వలయాలు" పెట్టారు. బంధువులొక వలయం, ఆఫీసువారొక వలయం, ఏ మాట ఎవరికో మనమే నిర్ణయించుకోవచ్చు. మర్యాద అయితే తిరిగి వచ్చింది, దానితో శ్రమ కూడా తిరిగి వచ్చింది. పరిచయస్థులందరినీ కూర్చుని వలయాలలో సర్దడం ఇంటి సామాను సర్దినంత పని. అనేక కారణాలతో ప్లస్ కూడా 2019 ఏప్రిల్ 2న మూతపడింది.

అడిగితే విసుగు, అడగకపోతే అన్యాయం. ఈ రెంటి మధ్యనే సాంఘిక జాలాల రూపకర్తలు కొట్టుమిట్టాడుతున్నారు. ఈ చరిత్ర చదివిన తరువాత నేను విసుగువైపే మొగ్గుతాను. మొదటిరోజు ఇల్లు ఖాళీగా ఉండడం పెద్ద కష్టమేమీ కాదు. నలుగురిని పిలుచుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. పిలవకుండా వచ్చి కూర్చున్నవారిని ఒక్కొక్కరినే సాగనంపడానికి పట్టే కాలానికి మాత్రం లెక్కలేదు. వచ్చినవాడు ఈలోగా చూసిపోయినదానిని ఏ మీట నొక్కినా వెనక్కి తీసుకోలేము. అందుకే ఏ కొత్త సౌకర్యం ఎదురైనా అది ఎంత సులువు అనే ప్రశ్న కంటే ముందు, వద్దంటే ఊరుకుంటుందా అనే ప్రశ్న వేసుకోవడం మంచిదని నాకు తోస్తుంది. మీరేమంటారు?