పులుసు కోసం వచ్చిన నత్త

1847లో విలియం హెన్రీ బెన్సన్ మారిషస్ నుంచి కలకత్తాకు కొన్ని నత్తలను ప్రాణాలతో తెచ్చాడు. అవి చౌరంఘీలోని ఒక తోటలో వదలబడ్డాయి. బెన్సన్ బెంగాల్ సివిల్ సర్వీసు ఉద్యోగి. నత్తజాతులెన్నింటికో శాస్త్రీయ నామాలు పెట్టిన పండితుడు కూడా. భారతదేశపు తోటలను నేటికీ వేధిస్తున్న ఆఫ్రికా రాక్షస నత్తకు ఇక్కడ చోటు చూపింది అజ్ఞాని కాదు, నత్తల గురించి బాగా తెలిసినవాడే.

దాని సొంత నేల తూర్పు ఆఫ్రికా. హిందూ మహాసముద్ర దీవులకు అది చేరడంలో వైద్యానికీ కొంత పాత్ర ఉంది. ఛాతీ జబ్బులకు నత్తల పులుసు మంచిదన్న నమ్మకం ఆనాటి ఫ్రెంచివారిలో ఉండేది. రీయూనియన్ గవర్నరుకు ఆప్తురాలైన ఒక స్త్రీ కోసం వీటిని తెప్పించారని ఒక కథ చెబుతారు. బెన్సన్ కాలానికి మారిషస్‌కూ మన తీరానికీ మధ్య ఓడల రాకపోకలు ముమ్మరం. చెరకు తోటల్లో పనికి వెళ్ళిన తెలుగు కూలీలను అక్కడివారు, కోరంగి రేవు పేరుమీద, ‘కొరంగీలు’ అనేవారు.

ఒక్కొక్క నత్తలోనూ స్త్రీ, పురుష అవయవాలు రెండూ ఉంటాయి; ఒక విడతలో వందకు పైగా గుడ్లు పెట్టగలదు. 1966లో ఒక బాలుడు హవాయి నుంచి మూడు నత్తలను మయామీ తెచ్చాడు. వాటి సంతతిలో 18,000కు పైగా నత్తలను ఏరి, పూర్తిగా నిర్మూలించామని ప్రకటించేసరికి 1975 వచ్చింది. ఎండ ముదిరితే గుల్ల నోటిని పొరతో మూసుకొని నెలల తరబడి నిద్రించగలదు. కాబట్టి నీరు పెట్టి పచ్చదనం పెంచుకునే జుబైల్ వంటి ఎడారి నగరాలు కూడా, దిగుమతి మొక్కల కుండీమట్టి విషయంలో, ఎండనే నమ్ముకొని కూర్చోలేవు.

విరుగుడుగా తెచ్చినదీ నత్తే. 1977లో మూరియా దీవిలో వదిలిన నత్తలను తినే నత్త, రాక్షస నత్తతో సరిపెట్టుకోక, అక్కడి స్థానిక పార్ట్యులా నత్తలను పదేళ్ళలో అడవుల నుంచి తుడిచిపెట్టింది.

నష్టం పంటతో ఆగదు. ఎలుకల ఊపిరితిత్తుల్లో పెరిగే ఒక నులిపురుగు పిల్లదశ నత్తలో గడుస్తుంది. అది మనిషిలో చేరితే మెదడు పొరలు వాస్తాయి. కేరళలో పిల్లలకు సైతం ఈ జబ్బు సోకింది. ఛాతీ జబ్బుకు మందని నమ్మిన జీవి సంగతి ఇది. అందుకే పొద్దువాలాక తడి గోనెసంచుల కింద చేరిన నత్తలను ఏరేవారు చేతికి తొడుగు వేసుకోవాలి. తోటలోని ఆకుకూరలను బాగా కడిగి, ఉడికించి తినాలి.